అభిమాని వీడియోకి సంగీతం ఎక్కడ దొరుకుతుంది?



రేపు అభిమాన హీరో పుట్టినరోజు అనగా ఈ రాత్రి మన ఊళ్లలో ఎన్ని ఫోన్ల మీద ఎడిటింగ్ నడుస్తూ ఉంటుందో లెక్క చెప్పలేం. పాత సినిమాల్లోంచి ఒక నడక, ఒక చూపు, చొక్కా చేతులు పైకి మడిచే ఒక షాటు ఏరుకుంటారు. దరువు పడే చోటే అడుగు పడేలా వాటిని పేర్చి నిమిషంన్నర వీడియో తయారు చేస్తారు. ఆ నిమిషంన్నర కోసం రాత్రుళ్లు మేలుకునే కుర్రాళ్లున్నారు, ఆడపిల్లలున్నారు, ఉద్యోగం చేసుకుంటూ బెంగళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని చేసేవాళ్లున్నారు. దీనివల్ల వాళ్లకి పైసా రాదు. ఇష్టం కొద్దీ చేస్తారు. ఆ ఇష్టం ఎంతటిదో ఒక్కో కట్ చూస్తే తెలిసిపోతుంది.

అంతా అయ్యాక యూట్యూబ్‌లో పెడుతుంటే, అప్‌లోడ్ పూర్తయ్యీ కాకముందే కాపీరైట్ క్లెయిమ్ అని తెర మీద పడుతుంది. చాలాసార్లు కారణం బొమ్మ కాదు, దాని కింద వేసిన బీజీఎం. వీడియో మూగబోతుంది, లేదా మన దేశంలో కనబడకుండా పోతుంది, లేదా దాని మీద వచ్చే యాడ్ల డబ్బు పాట హక్కుదారుకి వెళ్తుంది. తెల్లారితే పుట్టినరోజు. అప్పుడు పాట మార్చాలంటే వీడియో మొత్తం మళ్లీ కట్టాల్సిందే, ఎందుకంటే కట్‌లన్నీ ఆ పాట దరువు మీదే నిలబడ్డాయి.

అందుకే ఈ ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సంగీతం వెతకడం ఎడిటింగ్‌కి ముందు చేయాల్సిన పని. హాయిగా వాడుకోమని ఇచ్చిన సంగీతం ప్రపంచంలో బోలెడంత ఉంది. దాన్ని ముందు వెతికి, షరతులు చదివి, దింపుకుని, ఆ తర్వాతే మొదటి షాటు టైమ్‌లైన్ మీద పెట్టండి.

ముందు ఆ క్లెయిమ్ ఎలా వస్తుందో చూద్దాం. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు 2007 నుంచి ఉంది. మ్యూజిక్ కంపెనీలు తమ పాటల ఫైళ్లు అక్కడ ఇచ్చి ఉంచుతాయి. యంత్రం ఒక్కో పాటకి వేలిముద్ర లాంటి గుర్తు తీసి పెట్టుకుంటుంది. మనం ఎక్కించే ప్రతి వీడియోనూ ఆ గుర్తులతో పోల్చి చూస్తుంది. పోలిక కుదిరితే ఏం చేయాలో కంపెనీ ముందే చెప్పి ఉంటుంది: ఆపేయాలా, యాడ్లు వేసి డబ్బు తీసుకోవాలా, ఊరికే ఎంతమంది చూశారో గమనించాలా అని. ఇది క్లెయిమ్. స్ట్రైక్ వేరు. హక్కుదారు చట్టప్రకారం తీసేయమని ఫిర్యాదు చేస్తే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెలే మూతపడొచ్చు. ఏళ్ల తరబడి పెంచుకున్న చానెల్, అందులోని వందల వీడియోలు ఒక్కసారిగా పోతాయి.

ఈ చిక్కు తప్పించుకోవడానికి అభిమానుల మధ్య కొన్ని చిట్కాలు తిరుగుతుంటాయి. ఏడు సెకన్ల లోపు వాడితే ఏమీ కాదంటారు. పాట స్వరస్థాయి కాస్త పెంచితే యంత్రం గుర్తుపట్టదంటారు. కింద ‘హక్కులన్నీ యజమానివే, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని రాస్తే చాలంటారు. ఇన్ని సెకన్ల వరకు ఫర్వాలేదని మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. 1957 నాటి ఆ చట్టంలో 52వ సెక్షన్ కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది గాని, అవి సొంత చదువు, విమర్శ, సమీక్ష, వార్తలు లాంటి వాటికి. హీరో నడకకి కింద పాట వేసుకోవడం వాటిలోకి రావడం కష్టం. ఇక స్వరస్థాయి పెంచి యంత్రాన్ని బోల్తా కొట్టించే ప్రయత్నం ఒకటి. పాటని ప్రేమించేవాళ్లు దాన్ని పాడు చేసి వాడడం ఏం బాగుంటుంది?

దృశ్యాలకి పాట జతచేసే ఈ అభిమాని వీడియోలు కొత్తగా వచ్చినవి కావు, చాలా పాతవి. 1975లో అమెరికాలో కాండీ ఫాంగ్ అనే అభిమాని స్టార్ ట్రెక్ సీరియల్ స్లైడ్లని ప్రొజెక్టర్ మీద మారుస్తూ, పక్కన టేప్‌లో పాట వేసి తోటి అభిమానులకి చూపించింది. ఫ్యాన్ వీడియోల కథ అక్కడ మొదలైందని చెబుతారు. 1982లో జిమ్ కపోస్తాస్ అనే యువకుడు రెండు వీసీఆర్‌లు కలిపి జపాన్ కార్టూన్ దృశ్యాలకి ఒక ఇంగ్లీషు పాట జతచేశాడు. అప్పట్లో ఇవి గదిలో పదిమంది చూసేవి, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మన వీడియో ఒక్క పూటలో ఏలూరు నుంచి న్యూజెర్సీ దాకా వెళ్తుంది. చూసేవాళ్లు పెరిగినప్పుడు చూసుకోవాల్సినవీ పెరుగుతాయి.

ఇక ఇచ్చిన సంగీతం సంగతి. ఇచ్చిన సంగీతం అని ఎందుకంటున్నానంటే, ఎవరో ఒకరు కష్టపడి వాయించి, రికార్డు చేసి, వాడుకోండి అని బయట పెట్టినది అది. ఎండాకాలం చలివేంద్రంలో కుండ పెట్టినట్టు. దాహమైన ప్రతివాళ్లూ తాగొచ్చు, కుండ పెట్టినవాళ్ల పేరు బోర్డు మీద ఉంటుంది, ఆ బోర్డు పీకేసి మన పేరు రాసుకోకూడదు.

ఇలా ఇవ్వడానికి చట్టబద్ధమైన పత్రం తయారు చేసిన సంస్థ క్రియేటివ్ కామన్స్. లారెన్స్ లెసిగ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, మరికొందరు కలిసి 2001లో అమెరికాలో పెట్టారు. 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి 2013లో వచ్చిన 4.0 రకం. పాట పేజీ కింద సీసీ అని, దాని పక్కన రెండేసి ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వాటిని చూసి భయపడనక్కర్లేదు. కాకపోతే అభిమాని వీడియోకి వాటిలో ఏవి పనికొస్తాయో, ఏవి రావో స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

సీసీ బై అంటే చేసినవాళ్ల పేరు చెప్పి ఎలాగైనా వాడుకోవచ్చు. కత్తిరించవచ్చు, కలపవచ్చు, యాడ్లు పెట్టుకోవచ్చు. సీసీ జీరో అంటే పేరు చెప్పాలన్న షరతు కూడా లేదు, చట్టం ఒప్పుకున్నంత మేరకు హక్కులన్నీ వదులుకున్నారన్నమాట. ఈ రెండూ మనకి శుభ్రంగా సరిపోతాయి.

ఎన్‌సీ అనే అక్షరాలుంటే వ్యాపారానికి వాడకూడదు. చానెల్‌కి యాడ్లు పెట్టే ఆలోచన ఏ మూలన ఉన్నా వాటి జోలికి పోవద్దు.

ఎన్‌డీ అనే అక్షరాలుంటే మార్పులు చేయకూడదు. ‘నేను పాటని మార్చను, ఉన్నదున్నట్టు వీడియో కింద వేస్తాను, ఇంకేం?’ అనుకుంటాం. కుదరదు. కదిలే బొమ్మకి సంగీతాన్ని జతకలపడమే మార్పు కిందికి వస్తుందని ఆ లైసెన్సు పాఠంలోనే రాసి ఉంది. కాబట్టి ఎన్‌డీ ఉన్న పాట ఎంత నచ్చినా వినడానికి మాత్రమే, వీడియోకి కాదు.

ఎస్‌ఏ అనే అక్షరాలు అన్నిటికంటే మెలిక ఉన్నవి. ఈ పాట వాడి మీరు చేసినదాన్ని కూడా ఇదే లైసెన్సు కింద నలుగురికీ ఇవ్వాలి అని దాని అర్థం. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. నిజంగానే న్యాయమైన షరతు. కానీ మన వీడియోలో ఉన్న సినిమా దృశ్యాలు మనవి కావు. నిర్మాతవి. మనవి కానివాటిని ఇంకొకరికి వాడుకోమని మనమెలా ఇస్తాం? అంటే సినిమా క్లిప్పులతో చేసిన మాషప్‌కి ఎస్‌ఏ పాట వేస్తే, ఆ షరతు నెరవేర్చడం మన చేతిలో లేదు. అదే మీరు సొంతంగా కెమెరా పట్టుకుని, మిత్రులతో నటింపజేసి, అభిమాన నటుడికి కానుకగా చిన్న సినిమా తీసుకున్నారనుకోండి, అప్పుడు ఎస్‌ఏ పాట నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఎక్కడ వెతకాలి? అందరికీ దగ్గరిది యూట్యూబ్ ఆడియో లైబ్రరీ. 2013లో మొదలైంది, యూట్యూబ్ స్టూడియోలోనే ఉంటుంది. అందులో రెండు రకాలున్నాయి, పేరు చెప్పనక్కర్లేనివి, సీసీ బై కింద పేరు చెప్పాల్సినవి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీలు చేసేటప్పుడు కనబడే పాటలు మాత్రం వేరే సంగతి. వాటికి ఆ కంపెనీ అనుమతి తెచ్చుకుంది, అది అక్కడి వరకే. అదే రీలు దింపుకుని యూట్యూబ్‌లో పెడితే ఆ అనుమతి వెంట రాదు.

ఇన్‌కాంపిటెక్ అనే చోటు గురించి తప్పకుండా చెప్పాలి. కెవిన్ మెక్లౌడ్ అనే అమెరికన్ స్వరకర్త తను చేసిన రెండు వేలకు పైగా ట్రాకులు సీసీ బై కింద అక్కడ పెట్టాడు. ఆయన పేరు మీకు తెలియకపోవచ్చు, ఆయన సంగీతం మాత్రం మీరు విన్నారు. పిల్లి గెంతే వీడియోలోనో, వంట వీడియోలోనో తమాషాగా పిల్లనగ్రోవి తిరుగుతూ వినబడే ‘మంకీస్ స్పిన్నింగ్ మంకీస్’ ఆయనదే, 2014 నాటిది. ఒక్క మనిషి ఇంత ఇచ్చాడు. ఆయన అడిగేది పేరు. ఆ పేరు రాయకుండా వదిలేసిన వీడియోలు చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్ అని ఇంకొకటి. దాన్ని 2009లో మొదలుపెట్టింది న్యూజెర్సీలోని డబ్ల్యూఎఫ్‌ఎంయూ అనే రేడియో స్టేషన్, శ్రోతల చందాలతో నడిచే రేడియో. తర్వాత చేతులు మారినా సంగ్రహం నిలిచి ఉంది. అక్కడ అన్ని రకాల లైసెన్సులూ కలిసి ఉంటాయి కాబట్టి ఒక్కో పాట కింద ఏముందో చూసుకుని తీసుకోవాలి. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్‌లో పూర్తి పాటల కంటే విడి శబ్దాలు దొరుకుతాయి. వర్షం, గుడి గంట, జనం ఈలలు, ఒక్క మృదంగం దెబ్బ, అలాంటివి. ఎలివేషన్ షాటుకి ముందు పడే నిశ్శబ్దం, ఆ తర్వాత గాలి హోరు, ఇవన్నీ అక్కడ ఏరుకోవచ్చు.

‘నో కాపీరైట్ మ్యూజిక్’ అని పెద్ద అక్షరాలతో పేరు పెట్టుకున్న చానెళ్లు చాలా ఉన్నాయి. వాటిలో నిజాయితీగా నడిచేవీ ఉన్నాయి, ఎవరి పాటనో తెచ్చి పెట్టినవీ ఉన్నాయి. పాట చేసినవాళ్ల సొంత పేజీ దాకా వెళ్లి, అక్కడ లైసెన్సు కళ్లారా చూడనిదే తీసుకోవద్దు. సొంతదారు కానివాడు ఇచ్చిన అనుమతి అక్కరకి రాదు.

వెతికే పద్ధతి గురించి ఒక మాట. ‘మాస్ బీజీఎం’ అని వెతికితే సినిమా పాటలే వస్తాయి. మీకు కావలసిన ధ్వనిని విడగొట్టి ఆలోచించండి. డోలు కావాలా, తీగ వాద్యమా, బరువైన బాకాలా? ఎంత వేగం? వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే బీపీఎం అంకెతో చాలాచోట్ల వెతకొచ్చు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 120 బీపీఎం పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను, అంటే సరిగ్గా 12 ఫ్రేములు. 90 బీపీఎం అయితే 16 ఫ్రేములు. 96 అయితే 15. ఈ మూడింటిలో ఏ వేగం తీసుకున్నా ప్రతి కట్టూ నిండు ఫ్రేము మీద పడుతుంది. 100 తీసుకుంటే దెబ్బకి 14.4 ఫ్రేములొస్తాయి, పోను పోను కట్ దరువు కంటే ముందో వెనకో జారుతుంటుంది, సర్దుకుంటూ పోవాలి. స్లో మోషన్ నడకకి నాకు 90 హాయిగా అనిపిస్తుంది, అడుగు నేల మీద ఆనేంత వ్యవధి దొరుకుతుంది.

దొరికాక పేరు ఎలా రాయాలి? ‘మ్యూజిక్ ఫ్రమ్ ఇంటర్నెట్’ అని రాస్తే అది పేరు రాసినట్టు కాదు. వీడియో కింద వివరణలో రాయాల్సిన వరస ఇలా ఉంటుంది, చదివి వినిపిస్తాను: సంగీతం, మంకీస్ స్పిన్నింగ్ మంకీస్. స్వరకర్త, కెవిన్ మెక్లౌడ్. తీసుకున్న చోటు, ఇన్‌కాంపిటెక్ డాట్ కామ్. లైసెన్సు, క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0, దాని లింకు. నిడివి కోసం కత్తిరించాను. అంతే. పాట పేరు, మనిషి పేరు, చోటు, లైసెన్సు, చేసిన మార్పు. రెండు వరసల పని.

ఆ రోజే ఇంకో పని చేయండి. లైసెన్సు కనిపిస్తున్న పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, పాట ఫైలు పక్కనే దాచండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఇచ్చినవాళ్లు రేపు పేజీ తీసేసినా, అప్పటికే తీసుకున్న మన హక్కు పోదు. కానీ ఆ రోజు ఆ లైసెన్సు ఉందని చూపించాల్సింది మనమే.

ఇప్పుడు మనకి మరీ దగ్గరి విషయం. ‘అన్నమయ్య పాట ఎవరిది? ఆరు వందల ఏళ్ల నాటిది, దానికి కాపీరైట్ ఏమిటి?’ అని చాలామంది అడుగుతారు. పౌరాణిక సినిమా దృశ్యాలకి, ఆధ్యాత్మిక మాషప్‌లకి అన్నమయ్య పాట పెట్టి, క్లెయిమ్ వచ్చాక ఆశ్చర్యపోతారు. ఏ పాటలోనైనా మూడు పొరలుంటాయని గుర్తు పెట్టుకోండి. మాటలు ఒక పొర. బాణీ ఒక పొర. ఆ బాణీలో ఎవరో పాడగా చేసిన రికార్డు మూడో పొర. మన చట్టంలో సంగీత రచన అంటే మాటలు మినహాయించిన సంగీతమే. అంటే మూడింటికీ ముగ్గురు వేరు వేరు హక్కుదార్లు ఉండొచ్చు, వాటి గడువులూ వేరు.

అన్నమయ్య 1408లో పుట్టి 1503లో కన్నుమూశాడు. ఆయన మాటలు అందరివీ. కానీ తిరుమల రాగిరేకుల మీద సంకీర్తనకి రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. మనం ఇవాళ వింటున్న బాణీల్లో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టారు, నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వందల కొద్దీ కట్టారు. బాణీకి మామూలు గడువు కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రాళ్లపల్లి వారు 1979లో వెళ్లిపోయారు, ఆ లెక్కన 2039 చివరిదాకా. నేదునూరి వారు 2014లో, అంటే 2074 చివరిదాకా. మాటలు అన్నమయ్యవే అయినా మన చెవిలో మోగేది వాళ్ల సంగీతం. ఆ మహానుభావులు ఒక్కో సంకీర్తనకి ప్రాణం పోసిన పనిని ‘పాతదే కదా’ అని తీసిపారేయడం అన్యాయం.

త్యాగరాజస్వామి విషయం కాస్త తేలిక. ఆయన 1847లో సిద్ధి పొందారు. మాటలూ బాణీ రెండూ ఆయనవే, శిష్యపరంపర ద్వారా మనకి వచ్చినవి. ఆ రెండు పొరలూ అందరివీ. మిగిలింది రికార్డు. పేరున్న విద్వాంసులు పాడిన ఆల్బమ్‌లోంచి తీసుకుంటే ఆ రికార్డు కంపెనీది. అదే మీ వీధిలో వీణ నేర్చుకున్న అక్కయ్య ఆ కృతి వాయించి, వీడియోకి వాడుకోమని ఒక కాగితం మీద రాసి ఇచ్చిందనుకోండి, మూడు పొరలూ తేటపడ్డాయి. ఇంత మంచి దారి పక్కింట్లో ఉండగా మనం ప్రపంచమంతా వెతుకుతాం.

పాత సినిమా పాటల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ గడువు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. 1964లో వచ్చిన రికార్డు గడువు 2024 డిసెంబరు 31తో తీరింది. దాంతో ‘మాయాబజార్ 1957 నాటిది, కాబట్టి పాటలన్నీ ఫ్రీ’ అనేస్తారు. రికార్డు పొర వరకు ఆ లెక్క చెప్పుకోవచ్చు. కానీ అందులో పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో, సంగీతం చేసిన ఘంటసాల గారు పోయింది 1974లో. మాటల గడువు 2031 చివరిదాకా, బాణీల గడువు 2034 దాకా ఉంది. పైగా అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1923కి ముందు విడుదలైన రికార్డులకి మాత్రమే 2022 జనవరి 1న తలుపులు తెరుచుకున్నాయి, ఆ తర్వాతివి ఏడాదికి కొన్ని చొప్పున వస్తున్నాయి. అట్లాంటాలో మన వీడియో చూసేవాళ్లకి ఆ చట్టమే వర్తిస్తుంది.

అన్నీ సక్రమంగా చేసినా క్లెయిమ్ రావచ్చు. జర్మనీలో ఉల్రిచ్ కైజర్ అనే సంగీతాచార్యుడు విద్యార్థుల కోసం గడువు తీరిన శాస్త్రీయ సంగీత రికార్డులు యూట్యూబ్‌లో పెడితే, కంపెనీల పేర వరసగా క్లెయిములు వచ్చిపడ్డాయి. ఒకే స్వరరచనని పది బృందాలు వాయిస్తే యంత్రానికి తేడా తెలియదు. ఆయన ఒక్కోదానికీ ఓపికగా అభ్యంతరం రాశాడు. 2018లో ఆ అనుభవమంతా బయటపెట్టాడు. మీకూ అలా జరిగితే కంగారుపడి వీడియో తీసేయకండి. డిస్ప్యూట్ అనే మీట ఉంటుంది, అక్కడ పాట పేరు, లైసెన్సు, లింకు రాయండి. ఎదుటివాళ్లకి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. మీ దగ్గర దాచిన స్క్రీన్‌షాట్ ఉంటే ధైర్యంగా నిలబడవచ్చు. అది లేకపోతే, నిజం మీ వైపున్నా చెప్పుకోవడం కష్టం.

సంగీతం సర్దుకున్నంత మాత్రాన సినిమా దృశ్యాల సంగతి తేలిపోదని కూడా చెప్పాలి. అవి నిర్మాతవి. అభిమానుల వీడియోలని ప్రచారంగా భావించి చూసీచూడనట్టు ఊరుకునే నిర్మాతలున్నారు, ఊరుకోనివాళ్లున్నారు. హాలీవుడ్‌లో స్టార్ ట్రెక్ హక్కుదార్లు 2016లో అభిమానుల సినిమాలకి నియమాలే రాసి పెట్టారు. ఒక్క కథ 15 నిమిషాలు మించకూడదు, రెండు భాగాలైతే అరగంట అని. మన నిర్మాణ సంస్థలు కూడా అలా ఒక పేజీ రాసి పెడితే ఎంతమంది పిల్లలకి మనశ్శాంతి దొరుకుతుందో.

ఇంత చెప్పాక ఒక లోటు గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఈ ఉచిత సంగ్రహాలన్నిటిలో పియానో ఉంది, గిటారు ఉంది, పాశ్చాత్య డ్రమ్ములు వేలల్లో ఉన్నాయి. డప్పు కోసం వెతకండి. తీన్‌మార్ కోసం, మన సన్నాయి కోసం, ఒగ్గుడోలు కోసం, జముకు కోసం వెతకండి. దొరికేది చాలా తక్కువ, దొరికినా వీడియోకి పనికొచ్చే శుభ్రమైన రికార్డు అరుదు. మన హీరో మన వీధిలో నడిచే షాటుకి ఎక్కడి డ్రమ్ములో వేసుకుంటున్నాం. మన వాద్యాలు లేక కాదు, ఎవరూ సరిగా రికార్డు చేసి ఇవ్వలేదు.

పడమటి దేశాల్లో ఈ లోటు ఎలా పూడ్చుకున్నారో చూడండి. బీథోవెన్, బ్రామ్స్ స్వరాలు ఎప్పుడో అందరివీ అయ్యాయి, రికార్డులే కంపెనీలవి. మ్యూజోపెన్ అనే చిన్న సంస్థ 2010లో ఒక వాద్యబృందాన్ని పెట్టుకుని వాటిని కొత్తగా రికార్డు చేయించి అందరికీ ఇస్తామంది. 11 వేల డాలర్లు అడిగితే జనం 68 వేలకు పైగా ఇచ్చారు. 2012లో కిమికో ఇషిజాకా అనే పియానో విద్వాంసురాలు బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ మొత్తం వాయిస్తే, అది కూడా చందాలతోనే రికార్డయి సీసీ జీరో కింద బయటికి వచ్చింది. చిన్న చిన్న మొత్తాలు పోగుచేసిన మామూలు శ్రోతల పని ఇది.

మన అభిమాన సంఘాలకి చందాలు పోగు చేయడం ఒకరు నేర్పాలా? పుట్టినరోజుకి ఫ్లెక్సీలు కడతారు, కేకులు కోస్తారు, రక్తదాన శిబిరాలు పెడతారు. ఒక ఏడాది ఒక ఫ్లెక్సీ ఖర్చుతో ఊళ్లోని డప్పు బృందాన్ని ఒక సాయంత్రం పిలవండి. వాళ్లకి పెళ్లిలో ఇచ్చేంత కూలీ కాదు, రికార్డింగ్‌కి తగినంత పారితోషికం ఇవ్వండి. మన చట్టంలో వాయించినవాళ్లకి ప్రదర్శన హక్కు ఉంది, ప్రదర్శించిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఏం రికార్డు చేస్తున్నాం, ఏ లైసెన్సు కింద ఇస్తున్నాం, దానివల్ల ఎవరైనా వాడుకోవచ్చన్న సంగతి ముందే వాళ్ల భాషలో విడమరిచి చెప్పి, ఒప్పుకుంటేనే కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఒప్పుకోకపోతే అది వాళ్ల ఇష్టం, వాళ్ల విద్య.

రికార్డు చేసే పద్ధతి కష్టమైనది కాదు. మంట వేసి డప్పు కాచుకోనివ్వండి, తోలు బిగిసి గొంతు తేలాక మొదలుపెట్టండి. రేకుల షెడ్డు కింద వద్దు, శబ్దం తిరిగి కొడుతుంది. ఆరుబయట, రోడ్డుకి దూరంగా ఉండే చోటు చూడండి. డప్పు గట్టి వాద్యం, మైకు దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది. నాలుగైదు అడుగుల దూరాన పెట్టి, రికార్డింగ్ స్థాయి తగ్గించి, గట్టి దెబ్బతో ఒకసారి పరీక్షించుకోండి. ముందు విడి దెబ్బలు తీసుకోండి, చిర్ర దెబ్బ విడిగా, చిటికెన పుల్ల దెబ్బ విడిగా. తర్వాత ఒక్కో దరువూ ఒకే వేగంలో రెండేసి నిమిషాలు. అడుగులేస్తూ వాయించేది కూడా తప్పక తీసుకోండి, గజ్జెల చప్పుడు కలిసి వస్తుంది. ఎంపీత్రీగా కుదించకుండా, వీడియోకి సరిపడే 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా దాచండి.

వాటిని ఫ్రీసౌండ్‌లోనో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో సీసీ బై కింద పెట్టండి. సీసీ జీరో వద్దంటాను, ఎందుకంటే డప్పు కళాకారుల పేర్లు వీడియోల కింద కనబడాలి. ఫైలు పేరులోనే దరువు పేరు, బీపీఎం, ఊరు, జిల్లా రాయండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాస్తే బ్రెజిల్‌లో కూర్చుని వెతికేవాళ్లకి కూడా దొరుకుతుంది. స్వరకర్త అని ఉన్న చోట వాయించిన ప్రతి ఒక్కరి పూర్తి పేరూ ముందు రాయండి. డబ్బు పోగుచేసిన సంఘం పేరు ఆ తర్వాత రాసుకోవచ్చు.